మగ్గు పాలిపోయి వస్తే మళ్లీ ప్రెస్సులో పెట్టాలా?

ఫోటో స్టూడియోలు, జిరాక్స్ షాపులు, ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు చాలామంది ఇప్పుడు పక్క ఆదాయంగా మగ్గుల ప్రింటింగ్ పెట్టుకుంటున్నారు. ఎప్సన్ ఇంక్‌ట్యాంకు ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు పోసి, పక్కన ఒక మగ్ ప్రెస్సు, ఒక రోలు హీట్ టేపు, ఒక పెట్టె ఖాళీ మగ్గులు తెచ్చుకుంటే పని మొదలైనట్టే. ప్రింటు తీయడం, చుట్టడం, ప్రెస్సులో పెట్టడం వారం రోజుల్లో ఎవరికైనా చేతికొస్తాయి. చేతికి రానిది చెడిపోయిన మగ్గును ఏం చెయ్యాలన్న తీర్పు. సాయంత్రం ఆరింటికి పుట్టినరోజు, ఐదింటికి వస్తామన్నారు, ప్రెస్సు తెరిచి చూస్తే ఫోటో వెలిసిపోయినట్టుంది. ఇంకో రెండు నిమిషాలు పెడితే సరిపోతుందేమో అనిపిస్తుంది.

సరిపోవచ్చు, పూర్తిగా పాడైపోనూవచ్చు. ఏది జరుగుతుందన్నది దాదాపు ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది: కాగితం ఇంకా మగ్గుకే ఉందా, తీసేశారా?

ఎందుకో అర్థం కావాలంటే ప్రెస్సు లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలియాలి. సబ్లిమేషన్ రంగు పింగాణీకి పట్టదు. మగ్గు మీద కంటికి కనిపించని పాలిస్టర్ తరహా పూత ఒకటి ఉంటుంది, రంగు పట్టేది దానికే. 180 నుంచి 200 డిగ్రీల వేడి తగిలేసరికి కాగితం మీది రంగు ద్రవంగా మారకుండానే ఆవిరవుతుంది. అదే వేడికి పూత కూడా మెత్తబడి, ఆ ఆవిరిని లోపలికి తీసుకుంటుంది. చల్లారాక పూత బిగుసుకుని రంగు లోపలే ఉండిపోతుంది. స్క్రబ్బరుతో తోమినా బొమ్మ పోకపోవడానికి కారణం అది పైన కాక లోపల ఉండడమే.

మళ్లీ వేడి పెడితే పూత మళ్లీ మెత్తబడుతుంది, లోపలున్న రంగు మళ్లీ ఆవిరవుతుంది. కాగితం చుట్టి ఉంటే అందులో మిగిలిన రంగు కూడా లోపలికి వస్తుంది, బొమ్మ చిక్కబడుతుంది. కాగితం తీసేసి ఒట్టి మగ్గును పెడితే మాత్రం కొత్తగా వచ్చే రంగేమీ లేదు, ఉన్నదే బయటికి పోవాలి. పోయేటప్పుడు తిన్నగా పోదు, పక్కలకు పాకుతుంది. అందుకే ఒట్టి మగ్గును మళ్లీ కాల్చినప్పుడు బొమ్మ ఇంకా పాలిపోతుంది, అంచులు మసకబారుతాయి. ఆ పోయిన రంగు ప్రెస్సులోని సిలికాన్ ప్యాడుకు అంటుకుని, తర్వాత పెట్టిన మగ్గు మీద నీడలా దిగుతుంది. ‘ఇది నేను ప్రింటు చెయ్యలేదే, ఎక్కడినుంచి వచ్చింది’ అని తల పట్టుకునే సందర్భాల్లో చాలావరకు కారణం ఇదే. మొదటిసారైనా రెండోసారైనా, ప్రింటు కాగితం మీద ఒక వరస మామూలు తెల్ల కాగితమో బటర్ పేపరో చుట్టి పెట్టే అలవాటుంటే ప్యాడు శుభ్రంగా ఉంటుంది.

కాబట్టి నేర్చుకోవలసింది కాగితం తీయకముందే తప్పు పట్టుకోవడం. ప్రెస్సు తెరవగానే టేపులన్నీ ఒక్కసారి పీకేసే అలవాటు ఉంటే మానుకోండి. చేతి తొడుగు వేసుకుని మగ్గును బయటికి తీసి, ముందు కాగితం వెనకవైపు చూడండి. సరిగ్గా కాలిన కాగితం లేత గోధుమ రంగుకు తిరుగుతుంది, అదీ అంతటా ఒకేలా. ఒక పక్క తెల్లగానే మిగిలిందంటే అక్కడ ప్యాడు ఆనలేదు. అంతా తెల్లగానే ఉంటే వేడి చాలలేదని అనుమానించవచ్చు. అయితే ఈ గుర్తు కాగితాన్నిబట్టి మారుతుంది, మీరు వాడే కాగితం సరిగ్గా కాలితే ఎలా ఉంటుందో మీకు కంఠతా వచ్చి ఉండాలి. అనుమానం వస్తే పిడి పక్కనున్న అంచు దగ్గర ఒక్క టేపు మాత్రం విప్పి, వేలెడు మేర లేపి చూడండి. మిగతా టేపులు కాగితాన్ని కదలనివ్వవు. నలుపు నల్లగా, ఎరుపు ఎర్రగా ఉంటే ఇక మొత్తం తీసేయండి. పాలిపోయి కనిపిస్తే ఆ అంచును అదే చోట నొక్కి, కొత్త టేపు వేసి, వెంటనే ప్రెస్సులో పెట్టండి. పాత టేపుకు వేడి తగిలాక జిగురు తగ్గుతుంది, దాన్నే మళ్లీ అతికించి ఊరుకోవద్దు.

ఎంతసేపు పెట్టాలి? మగ్గు ఇంకా వేడిగా ఉంటే 40 నుంచి 60 సెకన్లతో మొదలుపెట్టండి. పూర్తిగా చల్లారిన మగ్గయితే ముందు పింగాణీ వేడెక్కాలి, దానికే సగం సమయం పోతుంది. కాబట్టి మామూలుగా పెట్టే సమయంలో సగానికి కాస్త ఎక్కువే కావాలి. డిగ్రీలు మాత్రం పెంచకండి. తొందరలో 220కి తిప్పితే రంగు చిక్కబడే మాట అటుంచి పూత పసుపెక్కుతుంది, కాగితం అంటుకుపోతుంది.

కరెంటు పోవడం మన దగ్గర మామూలు విషయం కనుక దాని సంగతి కూడా. మధ్యలో కరెంటు పోతే ప్రెస్సు తెరవకండి. కాసేపట్లో వస్తే అలాగే ఉంచి, డిగ్రీలు మళ్లీ ఎక్కాక మిగిలిన సమయం ఇవ్వండి. గంటలకొద్దీ రాకపోతే మగ్గును కాగితంతోపాటే తీసి, కదలకుండా చల్లారనివ్వండి. కరెంటు వచ్చాక కొత్త టేపు పాతదాని పక్కనే వేసి మళ్లీ కాల్చవచ్చు. కాగితం జరగకపోతే కస్టమరుకు తేడా కనిపించదు.

ఇక కాగితం తీసేశాక తెలిసిన తప్పుల సంగతి. ఇక్కడ ముందు తప్పేమిటో గుర్తించాలి. ‘బాగా రాలేదు’ అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి, అన్నిటికీ మందు వేడి కాదు.

బొమ్మంతా ఒకేలా పాలిపోతే వేడి గానీ సమయం గానీ చాలలేదు. పిడి దగ్గరో, పై అంచునో, అడుగునో మాత్రమే పాలిపోతే అది పట్టు చాలకపోవడం. ప్యాడు మగ్గును అక్కడ గట్టిగా పట్టుకోలేదు, మళ్లీ పెట్టినా అక్కడ మళ్లీ పట్టుకోదు. నలుపు గోధుమ రంగుకు తిరిగి, అక్షరాల అంచులు ఉబ్బి, తెల్లగా ఉండాల్సిన చోటు పచ్చబారితే అది ఎక్కువ కాలిన మగ్గు. దాన్ని మళ్లీ కాల్చడం పుండు మీద కారం చల్లడమే. చుక్కలు చుక్కలుగా, మరకలు మరకలుగా వస్తే తేమో దుమ్మో కారణం. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, విప్పిన కాగితాల కట్టను బల్ల మీద వదిలేస్తే రెండు రోజుల్లో తేమ పీల్చుకుంటుంది. కట్టను గాలి చొరని సంచిలో పెట్టి, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి అందులో పడెయ్యండి. ప్రింటు తీయగానే చుట్టకుండా నాలుగైదు నిమిషాలు ఆరనివ్వండి. బొమ్మ రెండుగా, ఒకదాని పక్కన ఇంకో నీడగా కనిపిస్తే వేడి మీద కాగితం జరిగింది. టేపు వదులుగా ఉండడమో, తీసేటప్పుడు కాగితం జారి మళ్లీ ఆనడమో అయి ఉంటుంది.

కాగితం మగ్గుకే అంటుకుపోతే మాత్రం కంగారుపడకండి. మగ్గు చల్లారాక గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తని గుడ్డతో రుద్దితే వచ్చేస్తుంది. బ్లేడు పెట్టి గీకితే పూత లేచిపోతుంది.

ఇందులో రెండోసారి ప్రింటుకు కాస్తో కూస్తో ఆశ ఉన్నది మొదటి రకానికే, అంటే అంతా ఒకేలా పాలిపోయిన మగ్గుకు. అక్కడ కూడా ఎవరైనా మొదట చేసే పని, తీసిన కాగితాన్నే మళ్లీ అదే చోట చుట్టాలని చూడడం. అది కుదరదు. గుండ్రటి మగ్గు మీద, తడబడే వేళ్లతో, అర మిల్లీమీటరు తేడా రాకుండా ఆనించడం ఎవరివల్లా కాదు. ఆ అర మిల్లీమీటరు చాలు, పేరులో ప్రతి అక్షరానికీ జంట కనిపించడానికి, ఫోటోలో మనిషికి నాలుగు కళ్లు రావడానికి. పువ్వులు, మబ్బులు, నీటిరంగు మరకలు లాంటి అంచులు లేని డిజైనయితే కొత్తగా ఇంకో ప్రింటు తీసి చుడితే తేడా తెలియకపోవచ్చు. ముఖం, పేరు, లోగో ఉన్న మగ్గుకు ఆ ప్రయత్నం వద్దు. వాడిన కాగితంలో ఇంకా రంగు కనిపిస్తోంది కదా అని దాన్ని రెండో మగ్గుకు వాడేవాళ్లూ ఉన్నారు. ఆ రంగుతో వచ్చేది వెలిసిన బొమ్మే.

పాత బొమ్మను పూర్తిగా తీసేసి మగ్గును మళ్లీ తెల్లగా చెయ్యొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. అసిటోనుతో తుడిస్తే పోదు, రంగు లోపలుంది. పోయేంతగా రసాయనాలు పోసి రుద్దితే రంగుతోపాటు పూతా పోతుంది. పూతలేని మగ్గు మీద ఇక ఏ రంగూ నిలవదు. కొంతవరకు పనికొచ్చే దారి ఒకటుంది. రంగు పూతలోకి ఎలా వెళ్లిందో అలాగే బయటికి రప్పించడం. మామూలు జిరాక్స్ కాగితం శుభ్రమైనది మగ్గుకు బిగుతుగా చుట్టి, మామూలు డిగ్రీల్లోనే కాస్త ఎక్కువసేపు పెట్టి తీస్తే, ఆ కాగితం మీద బొమ్మ తిరగబడి దిగుతుంది. కాగితం మార్చి మళ్లీ పెడితే ఇంకొంచెం దిగుతుంది. మొదటిసారి వచ్చినంత రెండోసారి రాదు, రెండోసారి వచ్చినంత మూడోసారి రాదు. ఎన్నిసార్లు చేసినా నీడ మిగులుతుంది, ప్రతిసారీ పూత కొంచెం కొంచెం పచ్చబడుతుంది. రెండుసార్లతో ఆపెయ్యండి. ఈ పని చేసేటప్పుడు కిటికీ తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టండి. ఆ ఆవిరి పీల్చేది కాదు. ఒవెనులో మగ్గులు కాల్చేవాళ్లు వంటకు వాడే ఒవెనును దీనికి వాడకూడదు.

ఇలా పలచబడిన మగ్గు మీద కొత్త డిజైను వెయ్యొచ్చు, కానీ ఏది పడితే అది కాదు. సబ్లిమేషన్ ఇంకులో తెలుపు ఉండదు. మగ్గు తెలుపే మన తెలుపు. పైగా ఈ ఇంకులన్నీ పారదర్శకం, కింద ఉన్నదాన్ని కప్పవు, దానితో కలిసిపోతాయి. కింద పసుపు నీడ ఉండి పైన నీలం వేస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. గులాబీ నీడ మీద నీలం ఊదా అవుతుంది. కాబట్టి కొత్త డిజైను పాతదానికంటే ముదురుగా ఉండాలి, పాత బొమ్మ పరుచుకున్న చోటంతా పరుచుకోవాలి. ముదురు నీలం, నలుపు, మెరూన్ నేపథ్యాలు, గరుకు గోడలాంటి టెక్స్చర్లు, చిన్న చిన్న బొమ్మలు గుంపుగా ఉన్న అల్లికలు పాత నీడను బాగా దాచుకుంటాయి. మనిషి ముఖం పాత నీడ మీద పడకూడదు, చెంప మీద మరకలా తేలుతుంది.

డిజైనర్లు కూడా ఇక్కడొకచోట బోల్తా పడతారు. నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెడితే అన్నీ కప్పేసినట్టే అనుకుంటారు. కానీ ఆ తెల్ల అక్షరం అంటే అక్కడ ఇంకు లేదని అర్థం. ఇంకు లేనిచోట కనిపించేది మగ్గు, మగ్గులో కనిపించేది పాత బొమ్మ నీడ. ‘హ్యాపీ బర్త్‌డే’ అక్షరాల్లోంచి పాత కస్టమరు చొక్కా గీతలు తొంగిచూస్తాయి. అక్షరాలు తెల్లగానే కావాలంటే పాత డిజైను అంచు అవతల, పిడికి దగ్గర్లో ఖాళీగా మిగిలిన పట్టీలోకి జరపండి.

బొమ్మ బాగా వచ్చింది, రెండో పక్క పేరు వెయ్యడం మరిచిపోయారు, లేదా కస్టమరు తర్వాత అడిగాడు. ఇదీ తరచూ ఎదురయ్యేదే. పేరొక్కటే కదా అని చిన్న కాగితం అతికించి ప్రెస్సులో పెడితే, ప్రెస్సు చుట్టూతా వేడి చేస్తుంది, పేరు వరకే ఆగదు. మొదటి బొమ్మకు రెండోసారి వేడి తగిలి కొంత మెత్తబడక తప్పదు. తప్పనిసరయితే మొదటి బొమ్మ మీద శుభ్రమైన తెల్ల కాగితం ముడతలేకుండా టేపేసి, పేరు దిగడానికి చాలినంత తక్కువ డిగ్రీలు, తక్కువ సమయంతో ప్రయత్నించవచ్చు. అప్పుడు కూడా మొదటి బొమ్మ కొంత రంగు ఆ కాగితానికి ఇస్తుంది. నా లెక్కలో ఇది చెయ్యవలసిన పని కాదు. కొత్త మగ్గు తీసుకుని రెండూ ఒకేసారి వెయ్యండి, పేరు ముందే చెప్పకపోతే రెండో మగ్గుకు డబ్బు అడగండి.

మ్యాజిక్ మగ్గులను ఈ ప్రయోగాలన్నిటికీ దూరంగా ఉంచాలి. వేడినీళ్లు పోస్తే నలుపు పోయి బొమ్మ కనిపించే ఆ పొరకు ఎక్కువ కాల్పు పడదు. తర్వాత అది పూర్తిగా తేటబడకపోవచ్చు, తిరిగి సరిగ్గా నల్లబడకపోవచ్చు. అమ్మినవాళ్లు చెప్పిన డిగ్రీలు, సెకన్లు పెట్టెకు పెట్టెకు వేరుగా ఉంటాయి, అవే పాటించండి. పైగా తీయగానే బొమ్మ బాగుందో లేదో తెలియదు, చల్లారాక వేడినీళ్లు పోసి చూస్తేనే తెలుస్తుంది. పాలిపోతే అది పోయినట్టే.

మళ్లీ ప్రింటు చెయ్యవలసి రావడానికి సగం కారణాలు ప్రెస్సులో ఉండవు, కంప్యూటరులో ఉంటాయి. తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువ. ఫోటోషాపులో యూనికోడు తెలుగు సరిగ్గా కూర్చే అమరిక ఆన్ చెయ్యకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అను ఫాంట్లలో చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాల స్థానంలో చెత్త గుర్తులు వస్తాయి. డిజైను చేసినవాళ్లకు తెలుగు చదవడం రాకపోతే ‘లక్ష్మి’లో మ వత్తు ఎగిరిపోయినా కంటికి ఆనదు. అద్దంలోలా తిప్పి ప్రింటు తీయాలి కాబట్టి కాగితం మీద చదివి తప్పు పట్టుకోవడం కూడా కష్టం. అందుకే తిప్పకముందు డిజైనును బొమ్మగా మార్చి వాట్సాప్‌లో కస్టమరుకు పంపండి, పేరు, ఇంటిపేరు, తేదీ చూసి ‘ఓకే’ అని రాత పూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన ‘ఓకే’ తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆ మెసేజీ ఉంటే తప్పెవరిదో, రెండో మగ్గు ఖర్చు ఎవరిదో వాదన లేకుండా తేలుతుంది.

ప్రెస్సు సంగతికొస్తే, పొద్దున మొదటి మగ్గు పాలిపోవడం చాలా షాపుల్లో మామూలు. పెనం కాలకముందు పోసిన అట్టు లాంటిది. తెర మీద 190 అని కనిపించగానే ప్యాడంతా 190 అయినట్టు కాదు, ఆ అంకె చెప్పేది సెన్సారున్న చోటు సంగతే. తెర మీద డిగ్రీలు ఎక్కాక ఇంకో అయిదారు నిమిషాలు ఆగండి. చల్లని మగ్గు పెట్టగానే డిగ్రీలు పడిపోతాయి. కొన్ని యంత్రాల్లో మూత బిగించగానే టైమరు నడుస్తుంది, కొన్నిటిలో డిగ్రీలు మళ్లీ ఎక్కాకే నడుస్తుంది. మీది ఏ రకమో తెలియకుండా పక్క షాపువాళ్ల సెకన్లు అప్పు తెచ్చుకుంటే అవి మీ యంత్రానికి సరిపోవు.

పొద్దున బాగా వచ్చిన మగ్గులు సాయంత్రం పాలిపోతున్నాయంటే వోల్టేజి చూడండి. 230 వోల్టులు రావాల్సినచోట 190 వస్తే తగ్గింది ఆరో వంతే కదా అనిపిస్తుంది. కానీ హీటరు ఇచ్చే శక్తి వోల్టేజి వర్గంతో మారుతుంది. 190ని 230తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.68 వస్తుంది, అంటే మూడింట ఒక వంతు వేడి పోయినట్టు. మగ్గు పెట్టాక పడిపోయిన డిగ్రీలు మళ్లీ ఎక్కడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది, మీ టైమరేమో పాత లెక్కలోనే మోగుతుంది. ప్రెస్సు వెనక చీటీ మీదున్న వాట్లు చూసుకుని దానికి తగ్గ స్టెబిలైజరు పెట్టుకోండి. లేకపోతే ఆ వేళల్లో డిగ్రీలు మళ్లీ ఎక్కినప్పటినుంచి మీరే సెకన్లు లెక్కపెట్టుకోండి.

ప్యాడు వయసు కూడా ఒక కారణం. రోజూ వాడే ప్యాడులో కొన్నాళ్లకు చల్లని మచ్చలు ఏర్పడతాయి. ప్రతి మగ్గు మీద ఒకే చోట పాలిపోతుంటే అదే. తేల్చుకోవాలంటే ఒకే రంగు, మధ్యస్థమైన బూడిద రంగు, డిజైను నిండా పెట్టి ఒక మగ్గు కాల్చండి. ఎక్కడ లేతగా ఉందో ప్యాడులో అక్కడ వేడి లేదు, లేదా పట్టు లేదు. బిగింపు మరను కొంచెం తిప్పి ఇంకోటి చూస్తే రెండింట్లో ఏదో తేలుతుంది. ప్యాడు విడిగా దొరుకుతుంది, మొత్తం యంత్రం మార్చనక్కర్లేదు. ప్రెస్సును ఖాళీగా పూర్తి వేడిలో వదిలేస్తే ప్యాడు తొందరగా పోతుంది. ఇక్కడే చెడిపోయిన మగ్గులు అక్కరకొస్తాయి. ప్రెస్సు వేడెక్కేటప్పుడు, మధ్యలో విరామం వచ్చినప్పుడు వాటిలో ఒకటి తెల్ల కాగితం చుట్టి లోపల పెట్టి ఉంచండి. మూత బిగింపు సరిచూసుకోవడానికి, కొత్తగా చేరిన కుర్రాడికి టేపు వెయ్యడం నేర్పడానికి కూడా అవే. రంగు పరీక్షకు మాత్రం వాటిని వాడకండి, పాత నీడ లెక్క తప్పిస్తుంది.

కొత్త పెట్టె విప్పిన ప్రతిసారీ ముందు ఒక్క మగ్గు కాల్చి చూడండి. పూత ఒక సరుకులో ఉన్నట్టు ఇంకో సరుకులో ఉండదు. పూతే లేని మామూలు మగ్గులు కలిసిపోయి రావడమూ ఉంది, కంటికి తేడా కనిపించదు. వాటి మీద బొమ్మ వెలవెలబోతూ దిగి, చల్లారాక స్క్రబ్బరుతో రుద్దితే లేచిపోతుంది. అది ఎంత కాల్చినా బాగుపడదు, సరుకు వెనక్కివ్వాలి. గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీసి ఏ సరుకుకు ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు అని రాసుకుంటే మళ్లీ అదే వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఖాళీ మగ్గు 80 రూపాయలు, ఇంకు, కాగితం, టేపు కలిపి 10 అనుకుందాం, అమ్మేది 250కి. ఎ4 కాగితానికి మూడు పట్టీలు వస్తాయి కనుక కాగితం ఖర్చు పెద్దది కాదు. మగ్గు చెడితే పోయేది 90. దాన్ని కాపాడాలని రెండుసార్లు రంగు లాగి, కొత్త డిజైను కూర్చి, మళ్లీ కాలిస్తే అరగంట పోతుంది, ఇంకో పది రూపాయల సరుకు పోతుంది, చివరికి వచ్చేది రెండో రకం మగ్గు. ఆ అరగంటలో కొత్తవి నాలుగైదు తియ్యొచ్చు. ఆర్డరు చేతిలో ఉండగా ఈ లెక్క ఎప్పుడూ కొత్త మగ్గు వైపే మొగ్గుతుంది. చెడినవాటిని ఒక అట్టపెట్టెలో వేసి, పనిలేని రోజున ఒక్కసారిగా చూసుకోండి.

షష్టిపూర్తి, ఓణీల ఫంక్షను, స్కూలు ఫేర్‌వెల్ లాంటి పెద్ద ఆర్డర్లకు ఖాళీ మగ్గులు లెక్కకు కొన్ని ఎక్కువే తెప్పించండి. ఒకే సరుకులోవి కావాలి, తర్వాత తెచ్చిన మగ్గు తెలుపు వేరుగా ఉంటే వరసలో పెట్టినప్పుడు తెలిసిపోతుంది. ఎన్ని ఎక్కువన్నది మీ నోటుబుక్కే చెప్పాలి. మొదటి మగ్గు తీసి కస్టమరుకు చూపించాకే మిగతావి మొదలుపెట్టండి. ఫోనులో చూసిన రంగు మగ్గు మీద అచ్చంగా రాదని వాళ్లకు అప్పుడే తెలియాలి, వంద తీశాక కాదు.

చల్లార్చడంలో తొందర పనికిరాదు. కాగితాన్ని వేడి మీదే, ఒకే ఊపులో తీసేయాలి, చుట్టి వదిలేస్తే లోపలి వేడికి రంగు పాకుతూనే ఉంటుంది. కానీ తీశాక మగ్గును తడి గచ్చు మీద పెట్టడం, చన్నీళ్లలో ముంచడం వద్దు. కొన్ని అక్కడికక్కడే పగులుతాయి. పగలనివాటిలో కంటికి కనిపించని బీట ఉండి, కస్టమరు ఇంట్లో వేడి కాఫీ పోసినప్పుడు బయటపడుతుంది. చెక్క మీదో మందపాటి గుడ్డ మీదో వదిలేస్తే చాలు.

రెండో రకం మగ్గును అమ్మకూడదని కాదు. అమ్మేటప్పుడు ఫలానా చోట నీడ ఉందని చూపించి, ధర తగ్గించి అమ్మండి. పెన్నుల స్టాండుగానో, కుండీగానో కొనుక్కునేవాళ్లు ఉంటారు. అయితే అందులో ఎవరి ఫోటో ఉందన్నది ముఖ్యం. ఎవరింటి పాపదో, ఎవరి పెళ్లిదో బొమ్మ సగం చెదిరిన మగ్గును షాపు ముందు నమూనాగా పెట్టడం, పనివాళ్లకు టీ తాగడానికి ఇవ్వడం, పాత సామాన్లవాడికి వెయ్యడం ఎన్నో చోట్ల చూస్తుంటాం. ఆ ఫోటో మనకు ఒక్క మగ్గు కోసం ఇచ్చారు. ముఖాలున్న చెడిన మగ్గుల మీద ముదురు డిజైను పూర్తిగా పరుచుకునేలా వెయ్యండి. అది కుదరకపోతే ఆర్డరుతోపాటే వాళ్లకు ఇచ్చెయ్యండి, లేదా గోనెసంచిలో పెట్టి పగలగొట్టి పారెయ్యండి. కంప్యూటరులో ఉన్న ఫోటోలకూ ఇదే పద్ధతి: మగ్గు అందాక కస్టమరు మళ్లీ కావాలంటారేమోనని కొన్నాళ్లు ఉంచి, ఆ గడువు బిల్లు మీద రాసి, తర్వాత తుడిచెయ్యండి.